పురుషుల టెన్నిస్‌లో తరాల పోలిక

పురుషుల టెన్నిస్‌లో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరన్న చర్చ చాలా పాతది. దాన్ని తేల్చడానికి ఇవాళ వాడుతున్న కొలబద్దకు మాత్రం అంత వయసు లేదు. ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, అమెరికన్ అనే నాలుగు గ్రాండ్‌స్లామ్ టోర్నీలలో ఎవరు ఎన్ని సింగిల్స్ టైటిళ్ళు గెలిచారన్న లెక్క అభిమానులకు కంఠతా వచ్చు: ఫెదరర్ 20, నాదల్ 22, జొకోవిచ్ 24. ఈ లెక్కకు ఇంత విలువ వచ్చింది 1990ల చివర్లో, రాయ్ ఎమర్సన్ పేరిట ఉన్న 12 టైటిళ్ళ రికార్డుకు పీట్ సంప్రాస్ దగ్గరపడినప్పుడు. 1967లో నెలకొన్న ఆ రికార్డు 2000 వింబుల్డన్ దాకా, 33 ఏళ్ళు నిలిచింది. అందులో ఎక్కువ కాలం దాన్ని బద్దలు కొట్టాలని ఎవరూ కంకణం కట్టుకోలేదు. అంతకుముందు తరాల వాళ్ళకు డేవిస్ కప్ ముఖ్యం, ప్రొఫెషనల్ పర్యటనల్లో వచ్చే డబ్బు ముఖ్యం, ఒకే ఏడాదిలో నాలుగూ గెలవడం ముఖ్యం. కాబట్టి టైటిళ్ళ సంఖ్య పక్కన మూడు సంగతులు చూడాలి. ఆ కాలంలో పోటీకి ఎవరిని రానిచ్చారు? ఆ ఆటగాడు ఆ నాలుగు టోర్నీలలో ఎన్ని ఆడగలిగాడు? ఆ నాలుగు చోట్ల కోర్టులు ఒకదానికొకటి ఎంత భిన్నంగా ఉండేవి? ఇవి అడగకుండా అంకెలు మాత్రమే చూడడం, బుక్కరాయసముద్రం చెరువు కింద తడిపొలంలో పండిన వేరుశనగనూ, ఎగువ మెట్టచేనులో వాన కోసం ఎదురుచూసి పండించిన వేరుశనగనూ బస్తాల లెక్కన పోల్చి రైతులకు మార్కులు వేయడం లాంటిది.

బుక్కరాయసముద్రం పక్కనే ఉన్న అనంతపురానికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, జనం నోట ఆర్డీటీ, ఈ కరువు సీమలో పల్లెల కోసం పనిచేస్తూ వచ్చింది. ఆ సంస్థతో కలిసి రఫెల్ నాదల్ ఫౌండేషన్ అనంతపురంలో పల్లె పిల్లల కోసం టెన్నిస్ పాఠశాల పెట్టింది. 2010 అక్టోబరులో నాదల్ స్వయంగా వచ్చి దాన్ని ప్రారంభించాడు. అప్పటికి అతని వయసు 24, ప్రపంచ నంబర్ వన్. అంతకు నెల ముందే అమెరికన్ ఓపెన్ గెలిచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ పూర్తిచేశాడు. ఆ రోజు లెక్క తీస్తే ఫెదరర్ 16, నాదల్ 9, జొకోవిచ్ 1. అప్పుడు ఎవరినడిగినా ఫెదరర్ పేరే చెప్పేవారు, అలా చెప్పడానికి తగిన కారణమూ ఉండేది. పదమూడేళ్ళు తిరిగేసరికి ఆ వరుస పూర్తిగా తలకిందులైంది. ముగ్గురూ ఒకే కాలంలో, ఒకే కోర్టుల మీద, ఒకరితో ఒకరు ఆడుతుంటేనే అంచనా ఇంతలా మారితే, నలభై యాభై ఏళ్ళ ఎడం ఉన్నవాళ్ళ మీద వెంటనే తీర్పు చెప్పేవాళ్ళను కాస్త అనుమానించాల్సిందే.

తొలి దశను త్వరగా దాటవచ్చు. వింబుల్డన్ 1877లో, అమెరికన్ పోటీ 1881లో మొదలయ్యాయి. 1921 వరకు వింబుల్డన్‌లో కిందటేటి విజేత తక్కిన రౌండ్లు ఆడనక్కర్లేదు. మిగతా అందరినీ గెలిచి వచ్చినవాడితో ఒక్క మ్యాచ్ ఆడితే చాలు. విలియమ్ రెన్‌షా ఏడు వింబుల్డన్‌లు గెలిచాడని పుస్తకాల్లో ఉంటుంది. వాటిలో 1882 నుంచి 1886 వరకు గెలిచిన అయిదూ అలా ఏడాదికి ఒక్క మ్యాచ్‌తో వచ్చినవే. ఫ్రెంచ్ పోటీ 1891లో మొదలైనా 1924 వరకు ఫ్రాన్స్ క్లబ్బుల సభ్యులకే పరిమితం. ఆస్ట్రేలియా పోటీకి యూరప్, అమెరికాల నుంచి వెళ్ళాలంటే వారాల తరబడి ఓడ ప్రయాణం. 1920 నుంచి 1926 దాకా అమెరికాకు వరసగా ఏడుసార్లు డేవిస్ కప్ అందించిన బిల్ టిల్డెన్ ఆస్ట్రేలియా పోటీ ఒక్కసారి కూడా ఆడలేదు. అతని పేరున ఉన్న టైటిళ్ళు పది: అమెరికాలో ఏడు, వింబుల్డన్‌లో మూడు. ఆ పదిని రెండు టోర్నీల లెక్కగా చదవాలి, నాలుగింటి లెక్కగా కాదు. 1938లో డాన్ బడ్జ్ మొదటిసారి ఒకే ఏడాదిలో నాలుగూ గెలిచాడు. వెంటనే ప్రొఫెషనల్‌గా మారాడు. ఆ మార్పుతో అతనికి ఆ నాలుగు టోర్నీల తలుపులూ మూసుకున్నాయి.

ఈ చరిత్ర మొత్తానికీ తాళంచెవి ఆ మూసిన తలుపుల దగ్గరే ఉంది. 1968 ఏప్రిల్ దాకా గ్రాండ్‌స్లామ్ పోటీలు అమెచ్యూర్లకే. డబ్బు పుచ్చుకుని ఆడేవాడు వాటిలో అడుగుపెట్టడానికి వీల్లేదు. మూడు వింబుల్డన్‌లు వరసగా గెలిచిన ఫ్రెడ్ పెర్రీ 27 ఏళ్ళకే బయటికి పోయాడు. పాంచో గొంజాలెజ్ 1948, 1949లలో అమెరికన్ టైటిల్ గెలిచి, 21 ఏళ్ళ వయసులో ప్రొఫెషనల్ అయ్యాడు. 1950లలో ఊరూరా తిరిగే ఆ పర్యటనల్లో అతన్ని ఓడించగలిగేవాళ్ళు అరుదు. గ్రాండ్‌స్లామ్ ఆడడానికి మళ్ళీ అవకాశం దొరికేనాటికి అతనికి 40 నిండాయి. ఆ వయసులోనే 1968 ఫ్రెంచ్ ఓపెన్‌లో సెమీస్‌కు చేరాడు. మరుసటి ఏడాది వింబుల్డన్‌లో 41 ఏళ్ళ గొంజాలెజ్, తనకంటే పదిహేనేళ్ళకు పైగా చిన్నవాడైన చార్లీ పసరెల్ మీద మొదటి రెండు సెట్లు పోగొట్టుకుని, రెండు రోజుల పాటు 112 గేములు ఆడి గెలిచాడు. నేటి పట్టికలో ఈ మనిషి పేరు పక్కన ఉండేది 2. ఆ అంకెను చూసి గొంజాలెజ్‌ను అంచనా వేసేవాడికి టెన్నిస్ చరిత్ర తెలియదనుకోవాలి.

ఎమర్సన్ రికార్డు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అతని 12 టైటిళ్ళలో పది 1963, 1967 మధ్య వచ్చినవి. రాడ్ లేవర్ 1962లో నాలుగూ గెలిచి ప్రొఫెషనల్‌గా వెళ్ళిపోయిన కాలం సరిగ్గా అదే. 1962లో మూడు ఫైనళ్ళలో లేవర్ చేతిలో ఓడినవాడు ఎమర్సనే. అయితే అతన్ని తీసిపారేయడానికీ లేదు. 1961లో ఆస్ట్రేలియన్, అమెరికన్ ఫైనళ్ళలో అతను ఓడించింది లేవర్‌నే. ఇక లేవర్ వైపు చూస్తే సంగతి మరింత చిత్రంగా ఉంటుంది. గ్రాండ్‌స్లామ్ వీరుడిగా 1963 ఆరంభంలో ప్రొఫెషనల్స్‌లో అడుగుపెట్టిన లేవర్‌ను లూ హోడ్ వరసగా ఎనిమిది మ్యాచ్‌లలో, కెన్ రోజ్‌వాల్ 13లో 11 మ్యాచ్‌లలో ఓడించారు. అంటే 1962లో నాలుగు టోర్నీలూ గెలిచినవాడు ప్రపంచంలో అత్యుత్తమ ఆటగాడు కాదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు లేవర్ నిజంగానే అత్యుత్తముడయ్యాడు, కానీ అప్పుడు అతనికి గ్రాండ్‌స్లామ్ ఆడే హక్కు లేదు. అయిదేళ్ళ పాటు, ఆటగాడి ఒంట్లో సత్తువ నిండుగా ఉండే వయసులో, అతను ఆ టోర్నీలకు దూరమయ్యాడు. తిరిగి వచ్చి 1969లో మళ్ళీ నాలుగూ గెలిచాడు. ఈసారి పోటీ అందరికీ తెరిచి ఉంది. ఆ తర్వాత ఇప్పటివరకు పురుషుల్లో ఇంకెవరూ ఆ పని చేయలేదు. రోజ్‌వాల్ కథ కూడా అలాంటిదే. నాలుగు టైటిళ్ళు గెలిచి వెళ్ళి, పదకొండేళ్ళు దూరంగా ఉండి, తిరిగి వచ్చి ఇంకో నాలుగు గెలిచాడు. చివరిది 1972లో, 37 ఏళ్ళ వయసులో.

దీనికొక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. తలుపులు తెరిచాక ప్రొఫెషనల్స్ అందరినీ ఊడ్చేశారా? లేదు. 1968లో బోర్న్‌మత్‌లో జరిగిన తొలి ఓపెన్ టోర్నీలోనే మార్క్ కాక్స్ అనే బ్రిటిష్ అమెచ్యూర్ గొంజాలెజ్‌నూ ఎమర్సన్‌నూ ఓడించాడు. అదే ఏడాది తొలి అమెరికన్ ఓపెన్ గెలిచిన ఆర్థర్ యాష్ కూడా అమెచ్యూరే. కాబట్టి అమెచ్యూర్లంతా రెండో రకం వాళ్ళని కొట్టిపారేయలేం. కానీ బోర్న్‌మత్ ఫైనల్ ఆడింది రోజ్‌వాల్, లేవర్. ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది రోజ్‌వాల్. వింబుల్డన్ గెలిచింది లేవర్. తర్వాతి ఏడాది నాలుగూ లేవర్‌వే. అమెచ్యూర్లలో మంచి ఆటగాళ్ళున్నారు. మేటి ఆటగాళ్ళు మాత్రం ఎక్కువగా బయటే ఉన్నారు. ఇదే న్యాయం మనవాళ్ళకూ వర్తిస్తుంది. మద్రాసుకు చెందిన రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో వింబుల్డన్ సెమీస్ ఆడాడు. రెండుసార్లూ ఆ ఏటి విజేతల చేతిలో, నీల్ ఫ్రేజర్, లేవర్‌ల చేతిలో, ఓడాడు. 1961 క్వార్టర్ ఫైనల్లో ఎమర్సన్‌ను ఓడించాడు. భారత టెన్నిస్‌లో సింగిల్స్‌కు సంబంధించినంతవరకు అంతకంటే పెద్ద విజయాలు తక్కువ. అయినా గొంజాలెజ్, రోజ్‌వాల్, హోడ్ లేని డ్రాలో అవి సాధ్యమయ్యాయని చెప్పుకోవడం కృష్ణన్‌ను తక్కువ చేయడం కాదు. లేవర్ 1962 విజయాలకు పెట్టిన షరతే ఇక్కడా పెట్టాలి.

ప్రొఫెషనల్స్‌నూ రానిచ్చిన ఓపెన్ శకం వచ్చాక, రానిచ్చిందెవరినన్న ప్రశ్న దాదాపు తీరిపోయింది. ఎన్ని ఆడారన్న ప్రశ్న ముందుకొచ్చింది. బోర్న్ బోర్గ్ ఆరు ఫ్రెంచ్, అయిదు వింబుల్డన్ టైటిళ్ళు గెలిచి 26 ఏళ్ళకు ఆట మానుకున్నాడు. ఆస్ట్రేలియన్ ఓపెన్ అతను తన జీవితంలో ఒక్కసారే, 1974లో, ఆడాడు. జిమ్మీ కానర్స్ ఆడింది రెండుసార్లు. 1974లో ఆస్ట్రేలియన్, వింబుల్డన్, అమెరికన్ గెలిచిన కానర్స్‌ను ఫ్రెంచ్ ఓపెన్ నిర్వాహకులు అసలు ఆడనివ్వలేదు, వరల్డ్ టీమ్ టెన్నిస్ అనే లీగ్‌తో ఒప్పందం చేసుకున్నాడన్న కారణంతో. డిసెంబరు చివర దూరదేశం వెళ్ళి, చిన్న బహుమతి కోసం ఆడడం అప్పటి అగ్రశ్రేణి వాళ్ళకు అక్కరలేని పని. 1988లో మెల్‌బోర్న్ పార్క్‌లోని కొత్త హార్డ్ కోర్టులకు మారాకే ఆ టోర్నీకి మిగతా మూడింటితో సమానమైన గౌరవం దక్కింది. జొకోవిచ్ 24లో 10 ఆస్ట్రేలియాలో వచ్చినవే. బోర్గ్ 11లో అక్కడి టైటిల్ ఒక్కటీ లేదు. ఈ రెండు అంకెల మధ్య తేడాలో కొంత ఆటది, కొంత కాలానిది.

మూడోదైన కోర్టుల ప్రశ్న గురించి అభిమానులు తక్కువ మాట్లాడతారు కాని అన్నిటికంటే ఎక్కువ సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది. పారిస్ ఎర్రమట్టి మీద బంతి నెమ్మదిగా, ఎత్తుగా లేస్తుంది. పాత వింబుల్డన్ పచ్చిక మీద బంతి వేగంగా, నేలను రాసుకుంటూ జారిపోయేది. సర్వీస్ చేసి నెట్ దగ్గరికి పరుగెత్తడమే అక్కడ బతికే దారి. 1980లో బోర్గ్ ఆ రెండూ ఒకే ఏడాది గెలిచాక 28 ఏళ్ళ పాటు ఎవరి వల్లా కాలేదు. సంప్రాస్ వింబుల్డన్ ఏడుసార్లు గెలిచినా ఫ్రెంచ్ ఓపెన్‌లో ఫైనల్ మొహం చూడలేదు. 2001లో వింబుల్డన్ తన పచ్చికను పూర్తిగా రై గడ్డికి మార్చింది. నేల గట్టిపడింది, బంతి ఎత్తుగా లేవసాగింది. మరుసటి ఏడాది ఫైనల్లో హెవిట్, నల్బాండియన్ అనే ఇద్దరు బేస్‌లైన్ ఆటగాళ్ళు తలపడ్డారు. అదే సమయంలో రాకెట్లకు పాలిస్టర్ తీగలు వచ్చి, బలంగా కొట్టినా బంతి కోర్టులోనే దిగేంత టాప్‌స్పిన్ ఇచ్చాయి. ఇక ఒకే తరహా ఆటతో నాలుగు చోట్లా నెగ్గడం సాధ్యమైంది. 2008లో నాదల్, 2009లో ఫెదరర్, 2010లో మళ్ళీ నాదల్, 2021లో జొకోవిచ్, 2024లో అల్కరాజ్ ఒకే ఏడాది ఫ్రెంచ్, వింబుల్డన్ రెండూ గెలిచారు. 28 ఏళ్ళలో ఒక్కసారీ జరగనిది పదిహేడేళ్ళలో అయిదుసార్లు జరిగితే, మనుషులు మాత్రమే మారారని నమ్మడం కష్టం. 2001లోనే సీడింగ్ పొందే ఆటగాళ్ళ సంఖ్య 16 నుంచి 32కు పెరిగింది. దానితో అగ్రశ్రేణి ఆటగాడికి మొదటి రెండు రౌండ్లలో గట్టి ప్రత్యర్థి ఎదురయ్యే ప్రమాదం తగ్గింది. 2003 వింబుల్డన్ నుంచి 2023 అమెరికన్ ఓపెన్ దాకా జరిగిన 81 గ్రాండ్‌స్లామ్‌లలో ఫెదరర్, నాదల్, జొకోవిచ్ ముగ్గురే 66 గెలిచారు.

దీన్నిబట్టి ముగ్గురి గొప్పతనం పచ్చిక పుణ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఆ గడ్డి, ఆ తీగలు, ఆ సీడింగ్ మిగతా వందలమందికీ అందుబాటులో ఉన్నాయి, గెలిచింది ముగ్గురే. పరిస్థితులు చెప్పేది వేరు: 20, 22, 24 అన్న అంకెలను బోర్గ్ 11 పక్కన పెట్టి రెట్టింపు గొప్ప అనడానికి వీల్లేదు. మరి పోలికే కుదరదా అని అడగవచ్చు. కుదురుతుంది, తన కాలంలో తనకు అందుబాటులో ఉన్న పోటీని ఎవరు ఎంత శాసించారన్న ప్రశ్న వేస్తే. ఇప్పటి ఆటగాడు 1969 నాటి లేవర్‌ను చిత్తుగా ఓడిస్తాడన్న వాదన తరచూ వినిపిస్తుంది. అది నిజం కావచ్చు గాని పనికిరాని నిజం. చెక్క రాకెట్, పాత తిండి, పాత వైద్యం లేవర్‌కు ఉంచి, ఇవతలివాడికి మాత్రం అన్నీ ఇచ్చి చేసే పోటీ అది. ఫెదరర్ మొదటి 12 టైటిళ్ళు 2003, 2007 మధ్య, జొకోవిచ్ ఇంకా ఎదగకముందు వచ్చాయన్న విమర్శకు కొంత బలం ఉంది. అయితే జొకోవిచ్ చివరి టైటిళ్ళు కూడా ఫెదరర్ తప్పుకుని, నాదల్ గాయాలపాలైన కాలంలో వచ్చాయి కదా. ముఖాముఖి లెక్కలో జొకోవిచ్ ఇద్దరికంటే ముందున్నాడు: ఫెదరర్‌పై 27-23, నాదల్‌పై 31-29. నంబర్ వన్‌గా 428 వారాలు, ప్రతి గ్రాండ్‌స్లామ్ కనీసం మూడుసార్లు, 2024లో ఒలింపిక్ స్వర్ణం. ఓపెన్ శకంలో, కోర్టులు దగ్గరపడిన కాలంలో, అతనే మొదటివాడు. ఈ తీర్పు మార్చే సాక్ష్యం ఇంకా రాలేదు. ఓపెన్ శకానికి ముందూ తర్వాతా కలిపి చూస్తే లేవర్ అతనికి సమానంగా నిలుస్తాడు, అయిదేళ్ళు తలుపు బయట నిలబెట్టినా రెండుసార్లు నాలుగూ గెలిచినందుకు. గొంజాలెజ్‌ను ఆ పక్కన ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పేందుకు తగినన్ని మ్యాచ్‌లు అతన్ని ఆడనివ్వలేదు.

కొత్తవాళ్ళు ఎక్కడినుంచి వస్తారన్నదీ ఈ పోలికలో భాగమే, ఎందుకంటే పోటీ ఎంత లోతైనదో కోర్టు దాకా రాగలిగినవాళ్ళ సంఖ్యే చెబుతుంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడిన హైదరాబాదీ సయ్యద్ మహమ్మద్ హాదీ కేంబ్రిడ్జిలో చదివినవాడు. రంజీ ట్రోఫీలో మొదటి సెంచరీ కొట్టిందీ అతనే. ఆ తరంలో టెన్నిస్ కలిగిన ఇళ్ళ ఆట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్‌తో డబుల్స్ ఆడిన విష్ణువర్ధన్, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచి, 2016 అమెరికన్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాకు అర్హత సాధించిన సాకేత్ మైనేని తెలుగు నేల నుంచి వెళ్ళినవాళ్ళు. అనంతపురం పాఠశాలలో టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. అక్కడినుంచి గ్రాండ్‌స్లామ్ విజేత వస్తాడా అన్నది ఆ బడిని కొలిచే తూకం కాదు. కూలికి పోయే ఇంటి పిల్లవాడు రాకెట్ పట్టుకోగల చోట్లు ప్రపంచంలో పెరిగేకొద్దీ, ఏడాదికి ఒక్క మ్యాచ్‌తో టైటిల్ నిలుపుకునే రెన్‌షా కాలం అంతకంతకూ దూరమవుతుంది.

ఇప్పటి సవాలుదారుల దగ్గరికి వస్తే, 2024, 2025లలో జరిగిన ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లనూ ఇద్దరే పంచుకున్నారు: కార్లోస్ అల్కరాజ్ నాలుగు, యానిక్ సిన్నర్ నాలుగు. 2025 ఫ్రెంచ్ ఫైనల్లో సిన్నర్‌కు మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు దక్కినా అల్కరాజ్ వాటిని కాచుకుని అయిదున్నర గంటల ఆటలో గెలిచాడు. ఆ ఏడాది 38 ఏళ్ళ జొకోవిచ్ నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీస్ దాకా వచ్చాడు, వాటిలో మూడింట అతన్ని ఆపింది ఈ ఇద్దరే. వయసు మీదపడినవాడిని ఓడించడం పెద్ద ఘనత కాదని కొందరంటారు. మిగతా వాళ్ళెవరూ ఆ పని అంత నిలకడగా చేయలేకపోయారన్నది దానికి జవాబు. ఇద్దరూ గట్టి నేల మీద, మట్టి మీద, పచ్చిక మీద ఒకే ధాటితో ఆడుతున్నారు. కోర్టులు దగ్గరపడిన కాలంలో పుట్టినవాళ్ళకు అది సహజం, అందుకే వాళ్ళ అంకెలు కూడా త్వరగా పెరుగుతాయి. 2025 అమెరికన్ ఓపెన్ గెలిచేనాటికి అల్కరాజ్ వయసు 22 ఏళ్ళ నాలుగు నెలలు, టైటిళ్ళు ఆరు. ఆ వయసుకు నాదల్ దగ్గర ఉన్నవి అయిదు, జొకోవిచ్ దగ్గర ఒకటి. బోర్గ్ దగ్గర ఉన్నవీ సరిగ్గా ఆరే, అతను 11 దగ్గర ఆగిపోయాడు. ఫెదరర్ ఆ వయసుకు గెలిచింది ఒక్కటే, అతను 20కి చేరాడు.